మాటలొస్తాయిలే అని కూర్చోకు చెల్లీ

చెల్లీ, మీ అత్తగారన్న మాటే చాలా ఇళ్ళల్లో అంటారు: “వాళ్ళ మావయ్యకీ నాలుగేళ్ళకి గానీ మాట రాలేదు, వీడికీ వస్తుందిలే!” మావయ్య సంగతి అలా ఉంచు. పిలిస్తే తల తిప్పని పిల్లాడికి ముందు ఓఏఈ, బెరా అనే వినికిడి పరీక్షలు చేయించాలి. భయపడకు, బెరా అంటే నిద్రపుచ్చి తలకి నాలుగు వైర్లు అంటించడమే. మేనరికం చేసుకున్నందుకే ఇలా అయిందని ఏడుస్తూ కూర్చోవడానికి ఇది టైము కాదు.

ఎందుకింత తొందర అంటావా? శబ్దం అందకపోతే మెదడులో వినికిడి భాగం కాపలా లేని ఖాళీ స్థలమే. పక్కనున్న చూపూ స్పర్శా మెల్లగా కంచె జరుపుకుంటూ వచ్చేస్తాయి. అమెరికాలో అనూ శర్మ బృందం, వినికిడి కోసం చెవి లోపల కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టిన పిల్లల మెదడు శబ్దానికి ఎంత త్వరగా స్పందిస్తోందో కొలిచి 2002లో ప్రచురించింది. మూడున్నరేళ్ళలోపు పెట్టించినవాళ్ళలో చాలామంది కొన్ని నెలల్లోనే ఈడు పిల్లల్ని అందుకున్నారు. ఏడేళ్ళు దాటినవాళ్ళలో చాలామందికి అది కుదరలేదు.

పరీక్షల్లో అవసరమని తేలితే ఆపరేషన్ చేసి ఈ ఇంప్లాంట్ పెడతారు. దాని ఎలక్ట్రోడ్లు చెవి లోపల దెబ్బతిన్న కణాలను దాటేసి, సంకేతాన్ని నేరుగా వినికిడి నరానికి అందిస్తాయి. కుట్లు మానాక స్విచ్చాన్ చేస్తారు. ఫోన్లలో తిరిగే వీడియోల్లో పిల్లలు నవ్వుతారు గానీ, బెదిరి ఏడ్చేవాళ్ళూ బోలెడుమంది. ఎన్నడూ ఎరగని గోల కదా పాపం! చెవి వెనక అయస్కాంతంతో అతుక్కునే బిళ్ళని పీకి విసిరేస్తారు కూడా. ఏడుస్తున్నాడని బీరువాలో దాచకు. మేలుకున్నంతసేపూ అది ఉండాల్సిందే. పెనం మీద దోసె చుయ్‌మన్నప్పుడు నీ చెవి చూపించి “విన్నావా? చుయ్!” అను, ఆ తర్వాతే పెనం చూపించు. ముందు వినికిడి, తర్వాత చూపు.

సైగలు నేర్పితే మాట రాదని ఎవరైనా బెదిరిస్తే నమ్మకు. ఆపరేషన్‌కి ఎదురుచూసే నెలల్లోనూ మెదడుకి భాష అందాలి, చెవిలోంచి కాకపోతే కంట్లోంచి. సైగభాషతోనే పిల్లల్ని పెంచుకుంటామన్న వాళ్ళని తక్కువచేసి మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది.

డబ్బు సంగతంటావా, కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది. రెండింటికీ వయసు నిబంధనలున్నాయి కాబట్టి ఆలస్యం చేయకు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వెళ్ళి అడుగు. సంతకం పెట్టేముందు బయటి మిషన్‌కి వారంటీ ఎన్నేళ్ళో, వైరు తెగితే ఖర్చెవరిదో కాగితం మీద రాయించుకో.