వల కొనేది దగ్గరి కొట్టులోనే

అర ఎకరమో, ఎకరమో చెరువు తవ్వుకుని బొచ్చె, శీలావతి పెంచుకునే చిన్న రైతులకు పిల్ల మీద, మేత మీద ఉన్నంత శ్రద్ధ వల మీద ఉండదు. పట్టుబడి దగ్గర పడ్డాక గానీ గుర్తు రాదు. అప్పుడు హడావిడిగా ఫోనులో బొమ్మ చూసి, ధర తక్కువని ఎక్కడి నుంచో తెప్పించేస్తారు. పార్శిల్ విప్పాక తంటా మొదలవుతుంది. తాళ్లు ఉండవు, బెండ్లు ఉండవు, సీసపు గుళ్లు ఉండవు. ఉత్త వల!

ధర పోల్చేముందు ఈ లెక్క చూడండి. మీ చెరువు 50 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు, అంటే సుమారు అర ఎకరం అనుకుందాం. నీరు మీటరున్నర లోతు ఉంది. లాగుడు వల పొడవు చెరువు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు, ఎత్తు నీటి లోతుకు రెట్టింపు ఉంటే మంచిది. అంటే 60 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు. ఇది తాళ్లు కట్టిన తర్వాత ఉండాల్సిన కొలత. ఉత్త వలను మాత్రం బిగలాగి కొలుస్తారు. దాన్ని సుమారు సగానికి కుచ్చి పై తాడుకు కడితేనే కళ్లు సరిగా తెరుచుకుంటాయి. కాబట్టి మీరు కొనాల్సింది 120 మీటర్లు. ఎత్తూ కొంత తగ్గుతుంది గనుక మూడున్నర మీటర్లది తీసుకోవాలి. ఇది తెలియక 60 మీటర్ల ఉత్త వల తెప్పించుకున్న రైతుకు చేతికొచ్చేది 30 మీటర్లే. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కూడా అందదు. చవక ఎక్కడుందో చెప్పండి!

మండల కేంద్రంలోనో, సంత ఊళ్లోనో ఉండే వలల కొట్టుకు వెళ్తే ముందు మిమ్మల్నే ప్రశ్నలు అడుగుతారు. వెడల్పెంత? అడుగున మోళ్లున్నాయా? బురద ఎంత? ఎంత సైజు చేప పట్టాలి? దాన్నిబట్టి కన్ను సైజు, దారం మందం చెబుతారు. గుళ్ల బరువు కూడా తేలిక విషయం కాదు. ఎక్కువైతే అడుగు తాడు బురదలో కూరుకుపోతుంది, లాగలేక నడుములు పడిపోతాయి. తక్కువైతే అడుగున తిరిగే ఎర్రమోసు తాడు కింద నుంచి జారుకుంటుంది. కట్టుకూలి తీసుకుని తాళ్లు, బెండ్లు, గుళ్లు అమర్చి ఇచ్చే కొట్టయితే మరీ మేలు. ఆ కూలికి వెనకాడకండి.

అసలు అవసరం పట్టుబడి రోజున తెలుస్తుంది. గట్టు మీద వ్యాను నిలబడి ఉంది, ఐసు కరుగుతోంది, వల మోడుకు తగిలి బారెడు చిరిగింది. అప్పుడు సైకిలేసుకుని పోయి దారం తెచ్చుకునే దూరంలో కొట్టుండాలి. మనం పెద్ద బేరాలన్నీ బయట చేసి, దారం ఉండకీ సూదికీ మాత్రమే వెళ్తే ఆ కొట్టు ఎన్నాళ్లు నడుస్తుంది? అరువు తెచ్చిన వారు చేపల డబ్బు రాగానే ముందు అక్కడ తీర్చేయండి. ఆ డబ్బుతోనే కదా అతను మళ్లీ సరుకు తెచ్చేది!

దగ్గరి కొట్టని కళ్లు మూసుకుని కొనమనడం లేదు. వలను తూకానికి అమ్మితే తడిగా లేదని చూసుకోండి. ముడి గోటితో జరిపితే కదలకూడదు. దారం చీటీ మీద 210 డెనియర్ అని ఉంటే, 9,000 మీటర్ల పోగు 210 గ్రాములు తూగుతుందని అర్థం. అలాంటి పోగులు ఎన్ని కలిపి పేనారో అడగండి. ఎక్కువైతే దారం లావు. బిల్లు తప్పకుండా తీసుకోండి. నలుగురు రైతులు కలిసి ఒకే వల కొనుక్కుంటే ఖర్చు పంచుకోవచ్చు. అయితే ఒకరి చెరువు నుంచి ఇంకొకరి చెరువుకు తడి వల తీసుకెళ్లకూడదు. చేప పేను కూడా వెంట వస్తుంది. కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టాకే ఇవ్వాలి. ఎండలో వదిలేస్తే నైలాను దారం చివికిపోతుంది. ఎలుకలకు అందకుండా దూలానికి వేలాడదీయండి. చిరుగులుంటే పట్టుబడి దాకా ఆగకుండా ఈలోపే కొట్టుకు పట్టుకెళ్లి బాగు చేయించుకోండి.