ఆశ్రయాశుడు

అమరకోశమునందు అగ్నికి చెప్పబడిన పర్యాయపదములలో ‘ఆశ్రయాశుడు’ అనునది యొకటి. తనకు ఆశ్రయమిచ్చినదానినే భక్షించువాడని దాని యర్థము. ‘అనలుడు’ అనగా ‘అలము’, అనగా ‘చాలు’ అను మాట యెరుగనివాడని పెద్దలు వ్యుత్పత్తి చెప్పుదురు. పాఠశాలలో బాలురు ఈ నామములను వల్లించి యప్పగింతురు. కాని వీని యర్థము పాఠశాలలో కంటె దేవుని గూటియొద్ద నెక్కువ యక్కరకు వచ్చును. గృహస్థుడు ప్రతిదినము ప్రమిదలో నిలిపి నమస్కరించునది ఈ చాలని యెరుగని వేల్పునకే గదా!

అట్టివానిని ప్రమిదలో నిలిపి యుంచునది నూనె. సంస్కృతమున ‘స్నేహ’ శబ్దమునకు నూనె యనియు, చెలిమి యనియు రెండర్థములు. నువ్వులనూనె నిజముగా చెలిమి గలదే. గిన్నెలోని నూనెకు అగ్గిపుల్ల చూపినంతమాత్రమున అది అంటుకొనదు. 200 డిగ్రీలకు మించి కాగిన తరువాతనే దాని యావిరి మంట నందుకొనును. వత్తి కొంచెము కొంచెముగా పీల్చి కొనకు చేర్చినంత మేరకే వెలుగు. ఆవునెయ్యి, ఆముదము, కొబ్బరినూనెల తీరును ఇదియే. కిరసనాయిలు అట్టిది కాదు. 40 డిగ్రీల ప్రాంతముననే దాని యావిరి అంటుకొనును. రోహిణీకార్తెలో తెలుగునాట గాలికే అంత వేడిమి యుండును. వత్తి త్వరగా అంటుకొనవలెనని నూనెలో దానిని చుక్క కలుపుట కొందరి యలవాటు. వత్తికొనపై చిన్న కర్పూరపు పలుకు నుంచిన చాలదా?

దీపారాధనకని అంగళ్లలో అమ్ము నూనెలలో పెక్కు తినదగినవి కావు. ఆ మాట సీసాపై సన్నని యక్షరములలో నుండును. వానిని వంటనూనెల నడుమ నుంచుట తగదు. ఇంట కిరసనాయిలు మిగిలియున్నచో, దానిని పానీయముల సీసాలో పోసి పిల్లలకు అందునట్లు పెట్టుట ఘోరప్రమాదము. బిడ్డ త్రాగినచో వాంతి చేయింపరాదు. వాంతితో అది ఊపిరితిత్తులలోనికి జారి హాని చేయును. తత్క్షణమే వైద్యశాలకు కొనిపోవలయును.

అలంకారమున పూర్వుల పొదుపే రక్ష. మామిడితోరణము, గడపకు పసుపు, వరిపిండి ముగ్గు, బంతిదండ, ద్వారమున కిరువైపుల అరటిబోదెలు: వీనికగు వ్యయము స్వల్పము. పచ్చియాకున నీరుండుటచే అది త్వరగా మండదు. కార్తికమున దీపములను నీట విడుచుటకు అరటిదొప్పను ఎన్నుకొన్నవారు ఈ గుణము నెరిగినవారే. ఎండిన తోరణమును మాత్రము వెంటనే తీసివేయవలయును. ఉగాదినాటి తోరణము దసరావరకు వ్రేలాడు గృహములు లేకపోలేదు. థర్మకోలు మండపము, ప్లాస్టిక్ పూలదండ, దేవుని వెనుక తెరగా కట్టిన నైలాన్ చీర, ఇవి కరగుచు మండును, చర్మమున కంటుకొనిన ఊడిరావు. కార్తికపౌర్ణమినాటి 365 వత్తుల కట్ట నేతిలో తడిసి ఒక్కసారిగా పెద్దమంటయై లేచును. దానిని తులసికోటయొద్ద, ఆరుబయట, నూలుచీర కట్టి, పైటచెంగు నడుమున బిగించి వెలిగించుట మేలు.

ఎంత జాగ్రత్త యున్నను ఏమరుపాటు మనుష్యధర్మము. నూనె అంటుకొన్నచో నీరు పోయరాదు. నీరు క్షణములో ఆవిరియై మండు నూనెను నలుదెసలకు చిమ్మును. లోహపు మూత బోర్లించి గాలి యందకుండ చేయవలయును. ఒడలు కాలినచోట మాత్రము నీరే ప్రథమౌషధము. 20 నిమిషములు చల్లని నీటిధార క్రింద నుంచవలయునేగాని సిరా, వెన్న, పసుపు పూయరాదు.

వేదారణ్య క్షేత్రమున ఒక మూషికము నేయి త్రాగవచ్చి, కొడిగట్టిన దీపపు వత్తిని కదల్చి ప్రజ్వలింపజేసి, ఆ పుణ్యమున బలిచక్రవర్తియై జన్మించెనని క్షేత్రకథ. ఇంటి యెలుక అంతటి పుణ్యజీవి కాదు. అది వెలుగుచున్న వత్తిని నూనెవాసనకై యీడ్చుకొనిపోయి బట్టల నడుమ విడుచును. అయినను దీపము నార్పుట అశుభమని తలచి, అది వెలుగుచుండగనే తలుపునకు తాళము వేసి ఊరికి పోవువారు కలరు. దీపము ‘ఆరినది’ అనక ‘కొండెక్కినది’ అనుట తెలుగువారి మర్యాద. ఆ సంకోచము గౌరవింపదగినదే. అట్టివారు తాము ఇంట నుండు కాలమునకు సరిపడు నూనెనే కొలిచి పోయవచ్చును. ప్రయాణము తొందరయైనచో పుడకతో వత్తికొనను నూనెలోనికి జార్చినచో దీపము తానే కొండెక్కును. నవరాత్రులలో అఖండదీపము పెట్టిన యింట మాత్రము రాత్రి యొకరు మేల్కొని యుండవలసినదే.