మంచుబాటకు తగిన పాదరక్ష

పాఠ్యభాగ పరిచయం

మంచుదేశాల ప్రజలకు స్కీయింగ్ వినోదం కాకముందే జీవనాధారం. వేట, వర్తకం, యుద్ధం, అన్వేషణ అన్నీ స్కీల మీదనే సాగాయి. ఆ ప్రయాణంలో మనిషికీ మంచుకూ మధ్య వారధిగా నిలిచే బూటును ఎన్నుకోవడంలోని వివేకాన్ని ఈ పాఠం తెలియజేస్తుంది.

పాఠం

ఏ పనికైనా తగిన సాధనం ఉన్నప్పుడే పనివాని నేర్పు రాణిస్తుంది. వరిమడిలో దిగే రైతు చెప్పులు విడిచి గట్టుమీద పెడతాడు. ముళ్లదారిలో తిరిగే పశులకాపరి మందమైన తోలుచెప్పులు తొడుగుతాడు. నేల మారితే పాదరక్ష మారాలన్నది మన పెద్దలు అనుభవంతో తెలుసుకొన్న సత్యం. ఈ సత్యమే మంచునేల మీద ప్రాణరక్షణ సూత్రంగా పరిణమిస్తుంది.

స్కీలు అనగా పాదాలకు తగిలించుకొని మంచుపై జారడానికి ఉపయోగించే పొడవైన పలకలు. కొండవాలుపై కిందికి జారే ఆల్పైన్ స్కీయింగ్‌లో బూటు గట్టి ప్లాస్టిక్ కవచంవలె ఉంటుంది. దాని ముందుభాగమూ మడమా రెండూ స్కీకి బిగించి ఉంటాయి. సమతలాలనూ ఎత్తుపల్లాలనూ దాటుతూ దూరప్రయాణం చేసే క్రాస్‌కంట్రీ స్కీయింగ్ ఇందుకు భిన్నమైనది. ఇక్కడ బూటు మునివేళ్ల వద్ద మాత్రమే స్కీకి అంటిపెట్టుకొని ఉంటుంది. మడమ స్వేచ్ఛగా పైకి లేస్తుంది. కనుకనే ఇందులో నడక ఉంది, పరుగు ఉంది, జారుడు కూడా ఉంది.

ఈ విద్యకు పుట్టినిల్లుగా పేరొందిన దేశాలలో నార్వే ముఖ్యమైనది. ఆ దేశంలో అంతర్యుద్ధం సాగుతున్న 1206వ సంవత్సరపు శీతకాలంలో, శత్రువుల బారినుండి శిశువైన రాకుమారుడు హాకోన్‌ను రక్షించడానికి, ఇద్దరు యోధులు అతనిని లిల్లెహామర్ నుండి కొండల మీదుగా స్కీలపై తరలించారని చరిత్ర చెబుతున్నది. వారి వర్గానికి బిర్కెబైనర్లు అని పేరు. ఆ మాటకు బిర్చికాళ్లవారు అని అర్థం. బూట్లు కొనలేని పేదరికంలో బిర్చి చెట్ల బెరడును కాళ్లకు చుట్టుకొన్నందున వారికి ఆ పేరు వచ్చిందంటారు. ఆ శిశువే 1217లో నార్వే రాజయ్యాడు. ఈ సంఘటన స్మృతిగా 1932లో రేనా, లిల్లెహామర్ పట్టణాల మధ్య ఒక పోటీ ప్రారంభమయింది. నాటి శిశువుకు గుర్తుగా 3.5 కిలోల బరువును వీపున మోస్తూ 54 కిలోమీటర్లు సాగడం ఆ పోటీ సంప్రదాయం.

పాదరక్ష విలువను ఇంతకంటె కఠినంగా బోధించిన ఉదంతం దక్షిణధ్రువ యాత్రలో కనిపిస్తుంది. నార్వే అన్వేషకుడు రోల్డ్ అముండ్‌సెన్ స్కీ బైండింగులకు సరిపడేలా గట్టి అడుగుభాగంతో బూట్లు సిద్ధం చేయించాడు. అవి బిగుతుగా ఉండటంతో అతని అనుచరులు శీతకాలమంతా శిబిరంలో కూర్చొని వాటిని విప్పి, పలుమార్లు సవరించి కుట్టుకోవలసి వచ్చింది. 1911 సెప్టెంబరు 8న తొందరపడి బయలుదేరిన దళాన్ని సున్నాకు దిగువన యాభై డిగ్రీలు దాటిన చలి ఎదుర్కొన్నది. వారు వెనుదిరుగక తప్పలేదు. కొందరి మడమలు మంచుకాటుకు గురయ్యాయి. దారిలో వెనుకబడిపోయిన ప్రెస్ట్రూడ్‌ను యోహాన్సెన్ అనే సహచరుడు విడిచిపెట్టక శిబిరానికి చేర్చాడు. అముండ్‌సెన్ ఆ పొరపాటు నుండి పాఠం నేర్చుకొన్నాడు. అక్టోబరులో నలుగురు సహచరులతో తిరిగి బయలుదేరి, 1911 డిసెంబరు 14న దక్షిణధ్రువాన్ని చేరుకొన్నాడు.

నేటి క్రాస్‌కంట్రీ బూట్లను ప్రధానంగా నాలుగు రకాలుగా విభజించవచ్చు. మొదటిది క్లాసిక్ బూటు. క్లాసిక్ పద్ధతిలో స్కీలు రెండూ యంత్రంతో తీర్చిన సమాంతరమైన గాళ్లలో సాగుతాయి. స్కీయరు ఒక కాలితో మంచును వెనుకకు తన్ని, రెండవ కాలిపై ముందుకు జారుతాడు. తన్నే సమయంలో పాదం మునివేళ్ల వద్ద వంగాలి, మడమ పైకి లేవాలి. అందువలన ఈ బూటు అడుగుభాగం ముందువైపు మెత్తగా వంగుతుంది. పైభాగం చీలమండను బంధించకుండా పొట్టిగా ఉంటుంది.

రెండవది స్కేటింగ్ బూటు. ఈ పద్ధతిలో స్కీల కొనలను వెలుపలికి తెరచి, ఒక్కొక్క కాలితో పక్కకు నెట్టుతూ ముందుకు సాగుతారు. ఫిన్లండుకు చెందిన పౌలి సీతోనెన్ 1970వ దశకంలో ఒక స్కీని గాడిలో ఉంచి, రెండవదానితో పక్కకు నెట్టే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాడు. అమెరికాకు చెందిన బిల్ కోచ్ స్కేటింగ్‌తో 1982లో ప్రపంచకప్ గెలిచాడు. ఈ కొత్త వేగం పాత పద్ధతిని మింగివేస్తుందన్న ఆందోళన బయలుదేరింది. దానితో పోటీలను రెండుగా విభజించారు. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో క్లాసిక్ పోటీలు, ఫ్రీస్టయిల్ పోటీలు వేరువేరుగా జరిగాయి. పక్కకు నెట్టే బలమంతా చీలమండ గుండా స్కీకి చేరాలి కాబట్టి స్కేటింగ్ బూటు అడుగుభాగం గట్టిగా ఉంటుంది. చీలమండకు పైదాకా లేచిన గట్టి పట్టీ కాలు పక్కకు ఒరగకుండా కాపాడుతుంది.

మూడవది ఉభయ పద్ధతులకూ పనికివచ్చే మిశ్రమ బూటు. దీని అడుగు మధ్యస్థంగా వంగుతుంది, చీలమండకు ఆసరా ఉంటుంది. స్కీయాథ్లాన్ అనే పోటీలో మొదటి సగం క్లాసిక్ పద్ధతిలోను, రెండవ సగం స్కేటింగ్‌లోను సాగుతుంది. నడుమ స్కీలను మార్చుకొన్నా బూట్లు మార్చుకొనే వ్యవధి ఉండదు. అటువంటి చోట ఈ రకం అక్కరకు వస్తుంది. కొత్తగా నేర్చుకొనే విద్యార్థికి కూడా ఇది ఖర్చు తగ్గిస్తుంది. అయితే రెండు పనులూ చేసే సాధనం ఏ ఒక్క పనిలోనూ పూర్తి ప్రావీణ్యం చూపదని గుర్తుంచుకోవాలి.

నాలుగవది తీర్చిన బాటలు లేని అడవులకు, కొండలకు ఉద్దేశించిన యాత్రా బూటు. ఇది బరువైనది, వెచ్చనిది, పొడవైనది. లోతైన మంచులో వెడల్పు స్కీలను తిప్పడానికి గట్టి పట్టు అవసరం. నార్వేకు చెందిన బ్రోర్ విత్ 1927లో రూపొందించిన రొట్టెఫెల్లా బైండింగు సంప్రదాయం నుండి వచ్చిన 75 మిల్లీమీటర్ల బూట్లు నేటికీ ఇటువంటి యాత్రలలో వాడుకలో ఉన్నాయి.

బాట స్వభావాన్ని బట్టి కూడా నిర్ణయం మారుతుంది. చక్కగా తీర్చిన బాటపై తేలికైన బూటు చాలు. రాత్రి గడ్డకట్టి గాజువలె మారిన బాటపై స్కీ పక్కకు జారకుండా పట్టు నిలిపే గట్టి బూటు మేలు. వసంతకాలపు తడిమంచులో నీరు లోపలికి చొరకుండా అడ్డుకొనే పొర ఉండాలి. మోకాలిదాకా దిగబడే పొడిమంచులో ఎత్తయిన బూటు, దానిపై కాలికవచం రెండూ కావాలి.

ఎంత మంచి బూటయినా బైండింగుకు సరిపడకపోతే నిరుపయోగం. అడుగున ఉండే గాళ్ల అమరిక, ముందు ఉండే లోహపు కడ్డీ బైండింగు రకానికి అనుగుణంగా ఉండాలి. కావున ముందుగా పాదానికి తగిన బూటును ఎన్నుకొని, తరువాత దానికి సరిపడే బైండింగును తీసుకోవడం వివేకవంతుల పద్ధతి.

ఇక కొలత విషయం. నడకతో పాదాలు కొంత ఉబ్బుతాయి కనుక బూట్లను సాయంత్రం వేళ, స్కీయింగ్‌లో తొడిగే ఉన్ని మేజోళ్లతోనే సరిచూసుకోవాలి. నూలు మేజోళ్లు చెమటను పీల్చి తడిగానే ఉండిపోతాయి. లేసులు బిగించిన తరువాత మడమ లోపల కదలకూడదు, వేళ్లు మాత్రం స్వేచ్ఛగా కదలాలి. మునివేళ్లపై లేచి, అడుగుభాగం వంగేచోటు పాదం వంగేచోటుతో కలుస్తున్నదో లేదో గమనించాలి. బిగుతు బూటు రక్తప్రసరణను తగ్గిస్తుంది. రక్తం చేరని వేళ్లకు వెచ్చదనం చేరదు. మొదట నొప్పి, పిమ్మట తిమ్మిరి, చివరకు స్పర్శ లేకపోవడం మంచుకాటుకు హెచ్చరికలు. నొప్పి తగ్గిందని సంతోషించడం అక్కడ అజ్ఞానమే అవుతుంది. ప్రయాణం ముగిశాక లోపలి అట్టలను తీసి, బూట్లను నిప్పుకు దూరంగా ఆరబెట్టాలి.

మనదేశానికి కూడా ఈ క్రీడతో పరిచయం ఉంది. 2018లో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో జరిగిన శీతకాల ఒలింపిక్స్‌లో జగదీశ్ సింగ్ 15 కిలోమీటర్ల ఫ్రీస్టయిల్ పోటీలో భారతదేశానికి ప్రాతినిధ్యం వహించాడు. కాశ్మీరులోని గుల్మార్గ్ శీతకాల క్రీడలకు ప్రసిద్ధ కేంద్రం.

ఖరీదైనదే మేలైనదన్న భ్రమ అనేక రంగాలలో ఉన్నట్లే ఇక్కడా ఉంది. పందెగాని తేలిక బూటు అడవిలో చిక్కుకొన్న యాత్రికుని పాదాలను కాపాడదు. యాత్రికుని బరువు బూటు పందెగానిని గెలిపించదు. తన పద్ధతి ఏదో, తన బాట ఏదో, తన పాదం ఎటువంటిదో తెలుసుకొన్నవాడే సరైన ఎంపిక చేయగలడు. బెరడు చుట్టుకొన్న కాళ్లతో కొండలు దాటినవారి సాహసం మహోన్నతమైనదే. కాని తగిన సాధనం చేతిలో ఉండగా దానిని ఉపేక్షించడం సాహసం కాదు, అవివేకం.

కఠిన పదాలకు అర్థాలు

వారధి = వంతెన
ఉదంతం = వృత్తాంతం
చీలమండ = పాదమూ పిక్కా కలిసే చోటి కీలు
మంచుకాటు = తీవ్రమైన చలికి శరీర భాగం గడ్డకట్టి దెబ్బతినడం
మేజోళ్లు = కాళ్లకు తొడిగే అల్లిక తొడుగులు
ఉపేక్షించడం = నిర్లక్ష్యం చేయడం

ప్రశ్నలు

1. బిర్కెబైనర్లకు ఆ పేరు ఏ విధంగా వచ్చింది?
2. అముండ్‌సెన్ మొదటి ప్రయత్నం విఫలమైన తీరును వివరించండి.
3. క్లాసిక్ బూటుకు, స్కేటింగ్ బూటుకు గల భేదాలను కారణాలతో తెలపండి.
4. 'నొప్పి తగ్గిందని సంతోషించడం అక్కడ అజ్ఞానమే' అనడంలోని అంతరార్థమేమి?