జైపూరు పాదం

జైపూరులోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఒకప్పుడు కాలు కోల్పోయినవారికి పాశ్చాత్య పద్ధతిలో చేసిన కృత్రిమ పాదం అమర్చేవారు. ఇంటికి వెళ్లాక చాలామంది దానిని మూలన పడవేసి, మళ్లీ ఊతకర్రలే పట్టేవారు. కారణమేమిటో డాక్టర్ పి.కె. సేథీ పరిశీలించారు. ఆ పాదానికి బూటు తప్పనిసరి. మన రైతు వట్టికాళ్లతో బురదలో దిగుతాడు; నేలమీద బాసింపట్టు వేసుకొని కూర్చుంటాడు; బూట్లతో గుడిలో అడుగుపెట్టడు. ఈ అలవాట్లను గమనించిన సేథీ, శిల్పి రామచంద్రశర్మతో కలిసి 1968 ప్రాంతంలో రబ్బరు పాదాన్ని రూపొందించారు. రోగులను నడిపించి చూసి, లోపాలు సవరించారు. దానికి బూటు అక్కరలేదు, నీటికి చెడదు. సేథీకి 1981లో మెగసెసే పురస్కారం లభించింది. వాడేవారిని ఎరుగక చేసిన వస్తువు ఎంత గొప్పదైనా మూలనే పడుతుంది.