చౌక ప్లాన్ కన్నా తొందరగా వచ్చే లైన్‌మన్ మేలు

ప్రశ్న: చందుర్తిలో జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు పెట్టుకున్న. ఫోన్ హాట్‌స్పాట్‌తో నడుపుతున్న. సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసేటప్పుడు మధ్యలో ఆగిపోతున్నది. 300 ఎంబీపీఎస్ ఫైబర్ తీసుకోమంటున్నరు. తీసుకోవాల్నా?

జవాబు: అంత వేగం మీకు అక్కర్లేదు. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 5 మెగాబైట్లు. రెండు కంప్యూటర్లున్న షాపుకు చాలు. హాట్‌స్పాట్‌తో చిక్కు ఏమిటంటే, ఒకే టవర్‌ను అందరూ పంచుకుంటారు. రద్దీ పెరిగితే అప్‌లోడ్ కుంటుపడుతుంది. అందుకే ఫైబర్‌కు మారండి, కానీ అప్‌లోడ్ వేగం ఎంతో అడిగి మరీ తీసుకోండి. ప్రకటనల్లో డౌన్‌లోడ్ అంకెనే పెద్దగా వేస్తారు!

బీఎస్‌ఎన్‌ఎల్ అయినా, ప్రైవేటు కంపెనీ అయినా, ముందు మీ వీధిలో వాడుతున్న వాళ్లను అడగండి: తీగ తెగితే అతికేవాళ్లు ఎన్ని గంటల్లో వస్తారు? మనిషి వేములవాడలో ఉంటాడా, ఊళ్లోనే ఉంటాడా? నా లెక్కలో నెలకు వంద రూపాయల తేడా కన్నా ఇదే ముఖ్యం. డేటా పరిమితి దాటాక వేగం ఎంతకు పడిపోతుందో, ధర 18 శాతం జీఎస్టీ కలిపే చెప్పారో లేదో కూడా తేల్చుకోండి. ఏడాది డబ్బు ముందే కట్టకండి. ఒక నెల చూడండి.

కరెంటు పోతే మోడెం కూడా ఆగుతుంది. దానికో చిన్న యూపీఎస్ పెట్టండి. ఫైబర్ ఆగిపోయినప్పుడు వాడుకోవడానికి వేరే కంపెనీ సిమ్ ఒకటి దగ్గరుంచుకోండి.

మోడెం మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్ర లైటు వెలిగితే సాధారణంగా ఫైబర్‌లోనే లోపం. మీరు విప్పొద్దు, కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. గడువులో బాగుచేయకపోతే ఆ నంబరుతో అదే కంపెనీ అప్పీలు అధికారికి రాయండి.