సరమ తన పిల్లను అడిగిన మాట

భారతం మొదటిసారి చదివేవాళ్ళకు ఒక సంగతి కాస్త విచిత్రంగా అనిపిస్తుంది. పాండవులూ కౌరవులూ కథలోకి రాకముందే, ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్క వచ్చి రాజును నిలదీస్తుంది. జనమేజయుడు కురుక్షేత్రంలో సత్రయాగం చేస్తుంటాడు. దేవతల కుక్క సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ అక్కడికి పోతాడు. జనమేజయుడి తమ్ముళ్ళు ముగ్గురు, శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు, వాణ్ణి కొట్టి తరుముతారు. (ఈ భీమసేనుడు మనకు తెలిసిన భీముడు కాడు. అర్జునుడి మునిమనవడు.) పిల్ల ఏడ్చుకుంటూ తల్లి దగ్గరికి పోతుంది.

సంస్కృత మూలంలో ఆ తల్లి వెంటనే కోపంతో లేచి పరుగెత్తదు. మొదట పిల్లనే అడుగుతుంది, నువ్వు అక్కడేదో తప్పు చేసి ఉంటావు, లేకపోతే ఎందుకు కొడతారని. తానేమీ చేయలేదని, హవిస్సు వైపు చూడను కూడా లేదని, నాకలేదని పిల్ల చెప్పుకుంటుంది. అప్పుడు గానీ సరమ యాగశాలకు పోయి, తప్పు చేయనివాణ్ణి కొట్టారు కాబట్టి మీకు ఊహించని భయం వచ్చి పడుతుందని శపించదు. 11వ శతాబ్దంలో నన్నయ కూడా తెలుగు భారతంలో ఈ కథను వదలకుండా చెప్పాడు. కుక్కను మనం సారమేయం అనేది ఈ సరమ పేరు మీదే.

క్లాసులో ఈ కథ చెప్పినప్పుడు అందరూ శాపం దగ్గర ఆగుతారు. మూగజీవాన్ని కొట్టకూడదు, అంతే పాఠం. నాకు మాత్రం శాపానికి ముందున్న ఆ ప్రశ్న దగ్గరే మనసు నిలిచిపోతుంది. మన కుక్క మీద ఎవరైనా ఒక మాట అంటే, 'ఇది ఏం చేసింది?' అని మొదట అడిగే యజమానులు ఎంతమంది?

పొద్దున ఆరు గంటలకు యూనివర్సిటీ గ్రౌండ్ వైపో, కపిలతీర్థం రోడ్డు మీదో నడిచేవాళ్ళకు ఒక వాక్యం బాగా తెలుసు. 'ఏం చేయదులేండి, మాది చాలా మంచిది.' గొలుసు చేతిలో ఉంటుంది, కుక్క మెడకు ఉండదు. ఎదురుగా వచ్చే పెద్దాయన చేతికర్ర పట్టుకుని గోడకు ఆనుకుపోతాడు. ఆయనకు ఆ కుక్క మంచిదని ఎట్లా తెలుస్తుంది? చిన్నప్పుడు కాటు తిన్నవాళ్ళు ఉంటారు, కళ్ళు సరిగా కనబడనివాళ్ళు ఉంటారు. ఆ కుక్క మంచితనం యజమానికి అనుభవం, ఎదుటివాడికి అది ఒట్టి మాట. రెండడుగుల గొలుసు ఉంటే ఆ మాట అవసరమే ఉండదు.

రెండో సంగతి మాట్లాడటానికి మనకు సిగ్గు. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, చుక్కలు పెట్టి ముగ్గు వేసి ఆమె లోపలికి పోతుంది. అయిదు నిమిషాల్లో పక్కవీధి లాబ్రడార్ అక్కడే కూర్చుంటుంది. యజమాని ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. తన వాకిట్లో కూర్చోనిస్తాడా? ఇవ్వడు, అందుకే కదా వాకింగ్‌కు తెచ్చింది!

ఇది శుభ్రత ఒక్కటే కాదు. కుక్క మలంలో కొంకిపురుగు గుడ్లు ఉండొచ్చు. అవి తడి మట్టిలో పొదిగి, వాటి లార్వాలు చెప్పుల్లేని కాలి చర్మంలోంచి లోపలికి పోగలవు. చర్మం కింద వంకర గీతల్లా ఎర్రగా, విపరీతమైన దురదతో అవి పాకుతాయి. వేరే ఊళ్ళో అయితే ఇది పాఠ్యపుస్తకంలో ఒక పేరా. తిరుపతిలో అట్లా కాదు. మొక్కుకుని చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళు ఏడాది పొడుగునా మన రోడ్ల మీద ఉంటారు. పాత పేపరు ముక్క, ఒక కవరు జేబులో పెట్టుకుని పోతే సరిపోయే పని. పెంపుడు కుక్కకు మూడునాలుగు నెలలకొకసారి నులిపురుగుల మందు వేయడం ఇంకా మేలు.

ఇక మన హాస్టల్ సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

మా సీనియర్లు ఒక కుక్కపిల్లను చేరదీశారు. ఎన్నిసార్లు తరిమినా తిరిగి వస్తుందని దానికి 'సప్లీ' అని పేరు పెట్టారు. రోజూ మెస్ నుంచి చపాతీలు, ఆదివారం చికెన్ ఎముకలు. రీల్స్‌లో అది పెద్ద స్టార్. ఆ బ్యాచ్ ఆఫర్ లెటర్లు తీసుకుని వెళ్ళిపోయింది. సప్లీ మెస్ వెనకాలే ఉండిపోయింది. రెండేళ్ళలో దానికి ఒక్కరూ టీకా వేయించలేదు, ఆపరేషన్ చేయించలేదు. మొన్నామధ్య అది ఈనింది. పిల్లల దగ్గరికి వచ్చిందని పాత్రలు తోమే అక్క పిక్క పట్టుకుంది.

పిల్లల తల్లి కరవడంలో వింతేమీ లేదు. వింతంతా మా తెలివిలో ఉంది. ఒకడు పసుపు తెచ్చాడు, ఒకడు కాఫీపొడి పెట్టమన్నాడు. చేయవలసింది ఒక్కటే: కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం. రేబిస్ వైరస్ కుక్క లాలాజలంలో ఉంటుంది. సబ్బు దాన్ని చాలావరకు అక్కడే చంపుతుంది. తర్వాత ఆలస్యం లేకుండా ఆసుపత్రి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆపైన 3, 7, 28 రోజులకు టీకాలు. చర్మం తెగి రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి. లక్షణాలు బయటపడ్డాక మాత్రం దాదాపు ఎవరూ బతకరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా సుమారు 59,000 మంది ఈ జబ్బుతో చనిపోతున్నారు, అందులో మూడోవంతుకు పైగా మన దేశంలోనే. 1885 జులై 6న పాశ్చర్ టీకాతో ఒక పిల్లవాడు బతికాడు. ఆ సంగతికి నూట నలభై ఏళ్ళు దాటాయి.

అక్క నాలుగు సార్లు ఆసుపత్రికి పోయింది, నాలుగు పూటల కూలి పోగొట్టుకుంది. పదిరోజులు కుక్కను గమనించాం, ఆరోగ్యంగానే ఉంది. ఆమె తిరిగి పనిలోకి వచ్చిన రోజు మాతో అన్న మాట ఇది: 'ముద్దలు మీరు పెడితిరి, కాటు నాకు పడె. ఏం నాయనా, ఇదెక్కడి న్యాయం?' మా దగ్గర జవాబు లేదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2023 జంతు జనన నియంత్రణ నియమాలు పెంపుడు జంతువులను, వీధి జంతువులను వేరు చేస్తాయి. పెంపుడు కుక్కకు టీకా, ఆపరేషన్ యజమాని బాధ్యత. వీధి కుక్కలకు తిండి పెట్టడం నేరం కాదు, కానీ చోటు, వేళ ఉండాలి: పిలకాయలు ఆడుకునే చోట, మెట్ల దగ్గర, గేటు దగ్గర పెట్టకూడదు. పెంచుకున్న జంతువును ఆకలికి వదిలేసిపోవడం 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే. మొదటిసారికి జరిమానా ఎంతో తెలుసా? పది నుంచి యాభై రూపాయలు. క్యాంటీన్‌లో బజ్జీల ప్లేటు! ఆరున్నర దశాబ్దాల నాటి అంకె అట్లాగే ఉంది. అటు, తన దగ్గరున్న జంతువు వల్ల మనిషికి ప్రమాదం రాకుండా చూడనివాడికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా ఉంది.

'మేం పెంచుకోలేదు, ఊరికే తిండి పెట్టాం' అనేది మా సీనియర్ల వాదన. ఫోన్లో అడిగితే అదే అన్నారు. పేరు పెట్టి, పిలిస్తే వచ్చేలా చేసి, గేటు బయట తిండి వెతుక్కునే అలవాటు మాన్పించాక అది పెంపకం కాకపోతే మరేమిటి?

ఈ తిండి వ్యవహారంలో మన ఊరికి మరో ముడి ఉంది. వెనకాల శేషాచలం. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను చిరుత చంపేసింది. ఆ తర్వాత టీటీడీ పదిహేనేళ్ళలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు తర్వాత నడకదారిలోకి రానివ్వలేదు, భక్తులకు కర్రలు ఇచ్చింది. అందరికీ ఆ కర్రలే గుర్తున్నాయి, ట్రోలింగ్ కూడా వాటి మీదే. అదే రోజుల్లో దారిలో జంతువులకు తిండి పెట్టవద్దని, దుకాణాలవాళ్ళు వ్యర్థాలు పారేయవద్దని కూడా చెప్పారు. నాకైతే అసలు సంగతి అక్కడుంది. ఎంగిలి పడిన చోటికి కుక్కలు వస్తాయి, కుక్కలున్న చోటికి చిరుత వస్తుంది. మహారాష్ట్రలో అకోలే దగ్గర చిరుతల మలాన్ని పరీక్షిస్తే వాటి ఆహారంలో అన్నిటికంటే పెద్ద వాటా కుక్కలదేనని తేలింది. కొండ అంచున ఉన్న హాస్టల్ వెనకాల మిగిలిన అన్నం కుమ్మరించేవాళ్ళు ఈ గొలుసు ఎక్కడిదాకా పోతుందో ఒకసారి లెక్కేసుకోవాలి.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధి కుక్కలకు టీకా, ఆపరేషన్ చేసి పట్టిన చోటే వదలమంది. రేబిస్ ఉన్నవి, మీదపడి కరిచేవి మాత్రం మినహాయింపు. నవంబర్ 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల గురించి మరో ఉత్తర్వు వచ్చింది: అక్కడి కుక్కలను పట్టి, టీకా, ఆపరేషన్ అయ్యాక షెల్టర్లకు చేర్చాలి, తిరిగి అదే చోట వదలకూడదు. దాని మీద మా హాస్టల్లో రెండు పార్టీలు లేచాయి. ఒక పార్టీ మంచి పని అంటుంది, ఇంకొకటి అన్యాయం అంటుంది. షెల్టర్ ఎక్కడుంది, ఎన్ని కుక్కలు పడతాయి అని ఏ పార్టీవాడూ అడగలేదు. నా మటుకు ఉత్తర్వు కఠినంగానే అనిపించింది. కానీ అక్క పిక్క చూశాక దాన్ని తిట్టడానికి నోరు రాలేదు.

చివరకు మా సెక్షన్‌లో ఫోన్‌పేలో తలా యాభై వేసుకున్నాం. అక్క పోగొట్టుకున్న కూలి ముందు ఇచ్చాం, ఆమె రెండుసార్లు వద్దంది. ఊళ్ళోనే 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, మనలో సగం మంది దాని గేటు ముందునుంచే బస్సులో పోతుంటారు. సప్లీని, దాని ముగ్గురు పిల్లలను ఆటోలో అక్కడికి తీసుకుపోయాం. తల్లికి రేబిస్ టీకా పడింది. పాలు మాన్పించాక ఆపరేషన్ చేయించాం. పిల్లలకు మూడో నెల నిండాక టీకా. రెండింటిని డే స్కాలర్లు తీసుకున్నారు, అమ్మానాన్నలతో మాట్లాడించాకే ఇచ్చాం.

సప్లీకి, మిగిలిన ఒక పిల్లకు ఇంకా చోటు కుదరలేదు. బంగారుపాళ్యం దగ్గర మామిడితోట ఉన్న ఒక స్నేహితుడు ఇంట్లో అడిగాడు. వాళ్ళ నాయన సరే అన్నాడట. అవ్వ మాత్రం ఫోన్ లాక్కుని అడిగింది: 'అది కోళ్ళను పడతాదా?'

మాలో ఎవరికీ తెలీదు. హాస్టల్లో కోళ్ళు ప్లేట్లలోనే కదా వచ్చేది. శనివారం సప్లీకి కొత్త గొలుసు కట్టి, టీకా కార్డు పట్టుకుని, అవ్వ ముందరే చూద్దామని పోతున్నాం.