గని నీరు నదిలో కలిస్తే ఏమవుతుంది?

మేఘాలయలోని జయంతియా కొండల్లో బొగ్గు గనుల దగ్గర పారే చాలా వాగుల అడుగున తుప్పు రంగు బురద కనిపిస్తుంది. కొన్నిటిలో చేపలు బతకడం లేదు. అక్కడి ఎలుక బొరియల గనులను 2014లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది. అయినా వదిలేసిన గనుల నుంచి ఆమ్లపు నీరు ఊరుతూనే ఉంది. దీనికి కారణం తెలుసుకుందాం.

ఆమ్లం ఎలా పుడుతుంది?

ఆ బొగ్గులో గంధకం ఎక్కువ. ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అనే ఖనిజం అందులో ఉంటుంది. భూమిలో కప్పబడి ఉన్నంత కాలం దానివల్ల హాని లేదు. తవ్వినప్పుడు గాలి, నీరు తగిలి గంధకికామ్లం తయారవుతుంది. కొన్ని సూక్ష్మజీవులు ఈ మార్పును మరింత వేగంగా జరిపిస్తాయి. ఈ ఆమ్లం రాళ్లలోని అల్యూమినియం, మాంగనీసు వంటి లోహాలను కరిగించి నీటిలోకి తెస్తుంది.

లోహాలు నీటిని ఎలా మారుస్తాయి?

కరిగిన ఇనుము నీటిలోని ఆక్సిజన్‌ను వాడుకొని తుప్పు బురదగా అడుగున పేరుకుంటుంది. అలా పేరుకునేటప్పుడు మళ్లీ ఆమ్లం విడుదలవుతుంది. అందుకే గనికి దూరంగా వెళ్లినా ఆమ్ల గుణం త్వరగా తగ్గదు. అల్యూమినియం చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. అస్సాంలోని కోపిలి జలవిద్యుత్ కేంద్రంలో యంత్రాల లోహపు భాగాలను సైతం ఇటువంటి నీరు తినేసింది.

తేటగా ఉంటే మంచి నీరేనా?

కాదు. ఆమ్లం ఎక్కువగా ఉన్న నీటిలో లోహాలు పూర్తిగా కరిగిపోయి కంటికి కనిపించకపోవచ్చు. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని లోహాలు పోవు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో అవి ఇంకా చిక్కబడతాయి. కొన్ని గనుల నీటిలో సీసం, కాడ్మియం కూడా ఉంటాయి. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలకు, కాడ్మియం మూత్రపిండాలకు, ఎముకలకు హాని చేస్తాయి.

మీరు చేయవలసినవి

1. గనుల దగ్గరి వాగు, బావి నీటిని పరీక్ష చేయించకుండా తాగవద్దు. వంటకు, పిల్లల పాలపొడి కలపడానికి కూడా వాడవద్దు.

2. పరీక్షలో లోహాలను కూడా చూడమని అడగండి. తాగే నీటి పి.హెచ్. 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదు.

3. గనుల ప్రాంతం నుంచి రోగిని తీసుకువచ్చినప్పుడు, ఇంట్లో తాగే నీరు ఎక్కడిదో డాక్టరుగారికి తప్పక చెప్పండి. అడగలేదని ఊరుకోవద్దు.